కొండ దారిలో ఒక గీత

శ్రోతలందరికీ నమస్కారం. 2021 నవంబరు వానలు తిరుపతిలో ఎవరూ మర్చిపోయి ఉండరు. అవి కాస్త తెరిపిచ్చాక ఊళ్లో ఒక ఇంటి దగ్గర, సిమెంటు వరలతో భూమిలో కట్టిన నీళ్ల సంపు నేలలోంచి పైకి లేచి నిలబడింది. ఒకావిడ లోపలికి దిగి కడుగుతుండగానే లేచింది. వింత అని జనం గుంపులుగా వెళ్లి చూశారు.

అందులో వింతేమీ లేదు. ఇంట్లో ఖాళీ చెంబును బకెట్ నీళ్లలోకి నిటారుగా అదిమి చెయ్యి వదిలేయండి, ఠక్కున పైకొస్తుంది. అక్కడా అంతే. వానలకు నేల పూర్తిగా నానిపోయి భూగర్భజలం సంపు చుట్టూ చేరింది, అదే సమయంలో కడగడానికని లోపలి నీళ్లు తోడేశారు, బరువు తగ్గింది, చుట్టూ ఉన్న నీళ్లు కిందనుంచి తోసేశాయి. నిండుగా ఉంటే కదిలేది కాదు. మా ఇంట్లోనూ సంపు ఉంది, అప్పటినుంచి ముసురు పట్టిన రోజుల్లో దాన్ని ఖాళీ చేయనివ్వను. మీరూ చేయకండి.

అవే వానల తర్వాత, డిసెంబరు 1న, తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద పెద్ద బండలు దొర్లిపడి రోడ్డు దెబ్బతింది. ఆ బండలు ఎందుకు పడ్డాయో తెలియాలంటే కొండ దేనితో అయిందో చూడాలి.

కొండ పైభాగమంతా క్వార్ట్‌జైట్ రాయి. ఒకప్పుడది ఇసుక. నీళ్లు తెచ్చి పొరలు పొరలుగా పరిచిన ఇసుక, కోట్ల ఏళ్లు అణిగి, వేడికి బిగిసి రాయైంది. కొన్ని పలకల మీద ఏటి ఒడ్డున ఇసుకలో పడే అలల గీతలు ఇప్పటికీ అలాగే ఉంటాయి, వేళ్లతో తడిమితే తెలుస్తాయి. శిలాతోరణం కూడా ఈ రాయే, మెత్తటి భాగాలు అరిగిపోగా మిగిలిన వంపు. దీని కింద ఉన్నది గ్రానైటు. ఈ రెండూ కలిసే గీత ఘాట్ రోడ్డు పక్కన కొండ తొలిచిన చోట కనిపిస్తుంది. దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు, జాతీయ భూగర్భశాస్త్ర స్మారకాల్లో అదొకటి. గీతకు కిందిది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి, పైది సుమారు 160 కోట్ల ఏళ్ల నాటిది. మధ్యలో 80 కోట్ల ఏళ్లకు పైబడిన కాలపు రాయి అక్కడ లేనే లేదు. ఉన్నదేదో అరిగి కొట్టుకుపోయింది. అరచెయ్యి పెడితే ఆ 80 కోట్ల ఏళ్లూ చేతికిందే పడతాయి, నాకైతే ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది!

క్వార్ట్‌జైట్ చాలా గట్టిది, కానీ దాని నిండా నిలువు పగుళ్లు. ఆ సందుల్లోకి వాన నీళ్లు దిగుతాయి, చెట్ల వేర్లు దూరతాయి, పట్టు వదులై ఎప్పుడో ఒకరోజు బండ ఊడుతుంది.

ఇలాంటి కదలికలు కంటికి కనపడకముందే కనిపెట్టడానికి ఇప్పుడొక సాధనం వచ్చింది. 2025 జూలై 30న మన జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ మీద వెళ్లిన నైసార్ ఉపగ్రహమది. దాన్ని అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, మన ఇస్రో కలిసి తయారుచేశాయి. సుమారు 747 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, 12 మీటర్ల వెడల్పు గొడుగులాంటి యాంటెన్నాతో నేలమీదకి రాడార్ తరంగాలు పంపుతుంది. మబ్బు, చీకటి దానికి అడ్డు కావు, దాని పొడవాటి తరంగాలు చెట్ల ఆకుల్ని కూడా దాటి నేలను చేరతాయి. 12 రోజులకోసారి అదే దారిలో వస్తుంది. పోయినసారి తిరిగొచ్చిన తరంగాన్ని, ఈసారి వచ్చినదాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే నేల ఒక్క సెంటీమీటరు జరిగినా తేడా బయటపడుతుంది. ఫలానా బండ రేపు పడుతుందని చెప్పడం దానివల్ల కాదు, అలా అనుకోవద్దు. కానీ ఒక వాలు నెలల తరబడి జారుతున్నా, బోర్లతో నీళ్లు తోడీ తోడీ ఒక ఊరి నేల కుంగుతున్నా పట్టుకోగలదు.

ఘాట్ రోడ్డులో బండ్లు ఆపకూడదు. ఈసారి కొండకు వెళ్లేటప్పుడు పిల్లల్ని కిటికీ పక్కన కూర్చోబెట్టండి, రాయి రంగు ఎక్కడ మారిందో వాళ్లనే కనుక్కోమనండి.