పేరు లేని బొమ్మలు, యాభై ఏళ్ల పని

శ్రోతలకు నమస్కారం.

రేడియోలో బొమ్మల గురించి మాట్లాడటమే ఒక సాహసం. అందులోనూ ఈ రోజు చెప్పబోయే బొమ్మల్లో మనిషి ఉండడు, చెట్టు ఉండదు, ఇల్లు ఉండదు. చాలావాటికి పేరు కూడా లేదు. అయితే ఒక ఊరట ఉంది. వాటి ఎదురుగా నిలబడి చూసొచ్చినవాళ్లని "ఏం చూశారు?" అని అడిగినా నీళ్లు నములుతారు. కాబట్టి మీరేమీ నష్టపోవడం లేదు, హాయిగా వినండి.

ఆ చిత్రకారుడి పేరు వాసుదేవ్ శాంతు గైతోండే. 1924లో నాగపూర్‌లో పుట్టారు. వాళ్లది గోవా కుటుంబం. ముంబైలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివి 1948లో బయటికొచ్చారు. హుసేన్, రజా, సూజా లాంటి చిత్రకారులున్న ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపుతో తిరిగారు. 1971లో పద్మశ్రీ వచ్చింది. 1972లో ఢిల్లీకి మకాం మార్చారు. అక్కడ నిజాముద్దీన్‌లో డాబా మీద ఒక చిన్న వాటాలో చాలా ఏళ్లు ఒంటరిగా ఉన్నారు. 2001లో కన్నుమూశారు. హుసేన్‌కు ఉన్నంత పేరు జనంలో ఈయనకు ఎప్పుడూ లేదు. కావాలని కూడా అనుకున్నట్టు కనిపించదు.

అలాంటి మనిషి పోయిన పదమూడేళ్లకు, 2014 అక్టోబరులో, న్యూయార్క్‌లోని గుగన్‌హైమ్ మ్యూజియం ఆయన జీవితకాలపు పనినంతా ఒకచోట చేర్చి ప్రదర్శన పెట్టింది. ఇలాంటి ప్రదర్శనను రెట్రోస్పెక్టివ్ అంటారు. కళాకారుడి తొలి రోజుల నుంచి చివరి రోజుల వరకు వరసగా చూపిస్తారన్నమాట. 2015 ఫిబ్రవరి దాకా అది న్యూయార్క్‌లో నడిచింది. అదే ఏడాది అక్టోబరులో వెనిస్‌లో, పెగ్గీ గుగన్‌హైమ్ కలెక్షన్ అనే మ్యూజియంలో మళ్లీ తెరుచుకుంది. క్యూరేటర్, అంటే బొమ్మలు ఎంచి ప్రదర్శనను కూర్చినావిడ, సాంధినీ పొద్దార్. ఆసియా, యూరప్, అమెరికాల్లో దాదాపు ముప్పై చోట్ల నుంచి అరువు తెచ్చి మొత్తం నలభై ఐదు దాకా చిత్రాలు పెట్టారు.

యాభై ఏళ్లు పనిచేసినవాడికి నలభై ఐదేనా అనిపించవచ్చు. గైతోండే ఏడాదికి ఐదారు కాన్వాసులకు మించి వేసేవారు కాదు. మిగతా కాలం ఏం చేసేవారంటే, కూర్చునేవారు. ఖాళీ కాన్వాసు ముందు కూర్చోవడం, ఆలోచించడం, చదవడం, సంగీతం వినడం. అదంతా తన పనిలో భాగమేనని ఆయన నమ్మకం. జెన్ బౌద్ధం మీద ఆయనకు బాగా ఆసక్తి. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి మాటలు, రమణ మహర్షి బోధలు, ముంబైలోనే ఉండిన అద్వైత గురువు నిసర్గదత్త మహరాజ్ ప్రభావం కూడా ఆయన మీద ఉన్నాయి. అలాగని ఆ బొమ్మల్లో ఓంకారాలూ చక్రాలూ వెతకకండి, దొరకవు.

ఇక్కడ ప్రదర్శన పెట్టేవాళ్ల కష్టం కొంచెం చెప్పుకోవాలి. బయటికి కనపడని పని ఇది. బొమ్మల యజమానులు ఎక్కడెక్కడో ఉంటారు. "మీ దగ్గరున్న ఫలానా బొమ్మ ఇస్తారా?" అని ఉత్తరం రాద్దామంటే ఆ ఫలానాకి పేరు లేదు. దాదాపు అన్నీ 'అన్‌టైటిల్డే'. ఇక సంవత్సరం, కొలతలు, రంగు చెప్పి గుర్తుపట్టించాలి. అదృష్టం కొద్దీ గైతోండే చాలా కాన్వాసుల వెనకవైపు దేవనాగరిలోనో ఇంగ్లీషులోనో సంతకం పెట్టి సంవత్సరం వేశారు. బొమ్మ ముఖం మీద ఏమీ చెప్పని మనిషి వీపు మీద ఆ ఒక్క ముక్క రాసిపెట్టాడు. అది లేకపోతే యాభై ఏళ్ల పనిని వరసలో పెట్టడం తలకు మించిన పనయ్యేది.

ఇక ప్రయాణం. ఇలాంటి తైలవర్ణ చిత్రం ఖండాలు దాటి వచ్చినప్పుడు పెట్టె దిగగానే తెరవరు. మామూలుగా ఒక రోజంతా మూతపెట్టే ఉంచుతారు. లోపలి గాలి మెల్లగా కొత్త గదికి అలవాటు పడాలి. లేదంటే చెక్క ఫ్రేము ఒకలా, బట్ట ఒకలా, దాని మీద ఎండిన రంగు మరొకలా సాగి ముడుచుకుని, పైపొర నెర్రెలిస్తుంది. గదిలో ఇరవై డిగ్రీల చుట్టుపక్కల వేడి, యాభై శాతం దగ్గర తేమ ఉండేలా చూసుకుంటారు. కాగితం మీద వేసిన బొమ్మలైతే మరీ సుకుమారం. వాటి మీద యాభై లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) మించి వెలుతురు పడనివ్వరు. అందుకే మ్యూజియంలో ఆ గదులు మసకగా ఉంటాయి. కరెంటు ఆదా కోసం కాదు.

సరే, లోపలికి వెళ్దాం. మొదట 1950ల బొమ్మలు. ఇక్కడ ఇంకా ఆకారాలు ఉంటాయి. మనుషులు, పక్షులు, గీతలతో అల్లుకున్న రూపాలు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన చిత్రకారుడు పాల్ క్లే ప్రభావం తెలిసిపోతుంది. మన పాత సూక్ష్మచిత్రాలను చదువుకున్న చెయ్యి కూడా తెలుస్తుంది. 1957లో టోక్యోలో జరిగిన ఆసియా యువ కళాకారుల ప్రదర్శనలో బహుమతి కూడా వచ్చింది. ఆ దారిలోనే పోయి ఉంటే మంచి పేరున్న చిత్రకారుడిగా స్థిరపడేవారు. ఆయన పోలేదు. ఆ దశాబ్దం చివరికొచ్చేసరికి మనిషీ పక్షీ కరిగిపోయి రంగు మాత్రం మిగిలింది.

నైరూప్య చిత్రకారుడు అంటే గైతోండే ఒప్పుకునేవారు కాదు. ఏదో ఒక వస్తువును తీసుకుని దాని రూపాన్ని చెరిపేసే పని తనది కాదని, తాను మొదలుపెట్టేటప్పుడే అక్కడ వస్తువు లేదని ఆయన ఉద్దేశం. అందుకని ఆ బూడిదరంగు కాన్వాసులో అడ్డంగా పోయే ఒక చారను చూసి "ఇది సముద్రమండీ" అంటే అది మన ఊహే తప్ప ఆయన వేసింది కాదు. మన కళ్లకు మరి ఆ దురలవాటు ఉంది. ఆలాపన వింటూ సాహిత్యం ఏదని ఎవరమూ అడగం. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అర్థం చెప్పమని పట్టుబడతాం.

దగ్గరగా వెళ్లి చూస్తే బయటపడేది చేతిపని. 1960ల నుంచి ఆయన కుంచెను చాలావరకు పక్కన పెట్టేశారు. రోలర్, పాలెట్ నైఫ్ అనే రంగుల కత్తి, ఈ రెండే పనిముట్లు. పల్చటి రంగు పొర పరుస్తారు. దాని మీద ఇంకొకటి. తడిగా ఉండగానే కత్తి అంచుతో కొంత గీకి తీసేస్తారు. అడుగున ఉన్న పొర అక్కడక్కడా పైకి తొంగిచూస్తుంది. పత్రికల్లోంచి చింపిన కాగితం ముక్కలు తడి రంగు మీద అద్ది లేపేస్తారు. కాగితం పోతుంది, దాని అంచు గుర్తు మిగులుతుంది. దూరం నుంచి చూసినప్పుడు చదవరాని ఏదో ప్రాచీన లిపిలా కనిపించేవి అవే. మూడు నాలుగు అడుగుల దూరంలో నిలబడితే ఆకుపచ్చ పొర వెనక నుంచి పసుపు వెలుతురు వస్తున్నట్టు ఉంటుంది. ఇంకో అడుగు ముందుకేస్తే అది వెలుతురు కాదు, గీకగా మిగిలిన అడుగు పొర అని అర్థమవుతుంది. అర్థమైనా సరే, వెనక్కి రాగానే మళ్లీ వెలుతురే.

ఈ ప్రదర్శన తేల్చిన ఒక తగువు కూడా ఉంది. 1964లో రాక్‌ఫెల్లర్ ఫెలోషిప్ మీద గైతోండే న్యూయార్క్ వెళ్లారు. అక్కడ అప్పటికే అమెరికా చిత్రకారుడు మార్క్ రాత్కోది పెద్ద పేరు. పెద్ద కాన్వాసు, రంగు తప్ప ఇంకేమీ లేకపోవడం, రెండూ ఇద్దరిలోనూ ఉన్నాయి. ఇంకేముంది, 'భారతదేశపు రాత్కో' అనేశారు. ఈ మాట నాకు మొదటి నుంచీ నచ్చదు. ఎవరో ఒక పెద్ద పేరుకు ముడిపెడితే తప్ప మనవాళ్లకు గుర్తింపు లేదన్నట్టు ఉంటుంది. బొమ్మలను తేదీల వరసలో గోడకు పెడితే వాదనే అక్కర్లేదు. న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం దగ్గరున్న ఆయన చిత్రం 1962 నాటిది. అంటే అమెరికా విమానం ఎక్కడానికి రెండేళ్ల ముందే ముంబైలో ఆ దారి పట్టేశారు. వెళ్లొచ్చాక పనికి ధైర్యం పెరిగి ఉండవచ్చు. దారి మాత్రం ఆయనదే.

1970ల్లో కాన్వాసులు నిలువుగా అవుతాయి. ఎత్తయిన, మనిషంత కాన్వాసులు. నా లెక్కలో ఆయన పనిలో ఇదే శిఖరం.

ఆ తర్వాత గోడ మీద ఒక వింత జరుగుతుంది. పెద్ద కాన్వాసులు మాయమై, 1980ల మధ్యలో చిన్న చిన్న కాగితాలు వస్తాయి. తెల్ల కాగితం మీద నల్ల సిరా గీతలు. అంతే. 1984లో ఆయనకు పెద్ద ప్రమాదం జరిగింది. పెద్ద కాన్వాసు ముందు నిలబడి రోలర్ తిప్పే ఓపిక ఒంట్లో లేక కొన్నేళ్లు ఈ చిన్న కాగితాలతోనే గడిపారు. రెట్రోస్పెక్టివ్‌లతో నాకున్న పేచీ ఒకటుంది. గది నుంచి గదికి నడుస్తుంటే కళాకారుడి జీవితం రైలు పట్టాల మీద పోయినట్టు, మొదటి రోజు నుంచే చివరి స్టేషన్ తెలిసినట్టు కనిపిస్తుంది. నిజానికి ఎవరి బతుకూ అలా సాగదు. ఈ సిరా గీతలు ఆ భ్రమను పోగొడతాయి. ఇక్కడ ఒక మనిషి ఆగిపోయాడు, చేతనైనంతే చేశాడు అని అవి నేరుగా చెబుతాయి. 1990ల్లో మళ్లీ రంగు, మళ్లీ కాన్వాసు.

డబ్బు సంగతి కూడా ఒక ముక్క. 2013లో ముంబైలో క్రిస్టీస్ వేలంలో ఆయన 1979 నాటి చిత్రం 23.7 కోట్ల రూపాయలకు పోయింది. రెండేళ్లకు 1995 నాటిది 29.3 కోట్లు పలికింది. డాబా మీద వాటాలో బతికిన మనిషికి ఇందులో దక్కిందేమీ లేదు. పేపర్లు మాత్రం ఆయన్ని గుర్తు చేసుకున్నది ఎక్కువగా ఈ అంకెలతోనే.

ఒక్క బొమ్మను విడిగా చూస్తే "ఇందులో ఏముంది, నేనూ వేస్తాను" అనిపించడం సహజం. ఇరవై బొమ్మలు వరసగా చూశాక ఆ మాట అనడం కష్టం. ఏది వదిలేశారో, ఏది పట్టుకుని వదల్లేదో అప్పుడే తెలుస్తుంది. ఇబ్బందేమిటంటే, ప్రదర్శన ముగిశాక ఆ వరస చెదిరిపోయింది. ఎవరివి వాళ్ల ఇళ్లకూ మ్యూజియంలకూ తిరిగి వెళ్లిపోయాయి.

అయినా మన దేశంలో చూసే వీలుంది. ఢిల్లీలో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో, ముంబైలో ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయంలోని జహంగీర్ నికల్సన్ సేకరణలో ఆయన చిత్రాలున్నాయి. మ్యూజియంలు గోడల మీద బొమ్మలు మారుస్తుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి, గైతోండే బొమ్మ ప్రస్తుతం ప్రదర్శనలో ఉందా అని కనుక్కోండి. వెళ్లాక పక్కనున్న చీటీ చదవడానికి తొందరపడకండి. దాని మీద ఎలాగూ 'అన్‌టైటిల్డ్' అనే ఉంటుంది.

సెలవు. నమస్కారం.