మొహమాటానికి ఎన్ని క్యాలరీలు?

అందరికీ నమస్కారం.

నేను డాక్టర్ని కాను, డైటీషియన్‌నీ కాను. నాలుగేళ్ళ కిందట ఒక రక్తపరీక్షలో నా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటును చూపే లెక్క) 6.1 శాతం వచ్చింది. అది 5.7కీ 6.4కీ మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు. అంటే షుగర్ ఇంకా ఇంట్లోకి రాలేదు, గుమ్మంలో నిలబడి లోపలికి రావచ్చా అని అడుగుతోంది. ఆ కాగితం పట్టుకుని తిండి మార్చుకోవడం మొదలుపెట్టాను. ఇక్కడ మాట్లాడడానికి నాకున్న అర్హత అదొక్కటే.

ఇంట్లో పెద్ద కష్టమేమీ కాలేదు. ఒక్కణ్ణే ఉన్నప్పుడు నా అంత బుద్ధిమంతుడు దొరకడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా కొలత ప్రకారం తినేవాణ్ణి. శనివారం సాయంత్రం స్నేహితులతో కూర్చున్నానా, వారమంతా కట్టిన గోడ రెండు గంటల్లో కూలేది. ఇంటికొచ్చి నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. నీకు మనోబలం లేదురా, నీ వల్ల ఏదీ కాదురా అని. ఆ తిట్లు నాకు అనవసరంగా పడ్డాయని చాలా ఆలస్యంగా తెలిసింది.

జాన్ డి కాస్ట్రో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల చివర్లో కొంతమంది చేత వారం రోజుల పాటు డైరీలు రాయించారు. ఏం తిన్నారు, ఎంత తిన్నారు, పక్కన ఎవరున్నారు, అంతే. ఒంటరిగా తిన్న భోజనం కంటే నలుగురితో కలిసి తిన్న భోజనం సగటున 44 శాతం ఎక్కువ ఉంది. 1992లో వచ్చిన లెక్క ఇంకా ముచ్చటగా ఉంటుంది. పక్కన ఒక్కరుంటే 33 శాతం పెరిగింది. ఏడుగురు, అంతకంటే ఎక్కువమంది ఉంటే 96 శాతం. అంటే దాదాపు రెండు భోజనాలు. ఇవి మనోబలం లేని మనుషుల్ని ఏరి తెచ్చి తీసిన లెక్కలు కావు, మామూలు మనుషులవే.

2019లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి 42 అధ్యయనాలను కలిపి చూశారు. స్నేహితులతో ఉంటే తిండి పెరుగుతుందని గట్టిగానే తేలింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ మధ్య మాత్రం ఆ పెరుగుదల కనిపించలేదు. అక్కడ మనం ఒద్దికగా తింటాం. మనవాళ్ళ మధ్యే పట్టు వదిలేస్తాం. స్నేహం అంటే అదే కదా మరి!

ఎందుకు పెరుగుతుంది? ముఖ్యంగా కాలం. ఒక్కడినే తింటే పావుగంటలో లేచిపోతాను. నలుగురుంటే గంటన్నర. ఆ గంటన్నరా పదార్థాలు ఎదురుగానే ఉంటాయి, చెయ్యి ఖాళీగా ఉంటుంది. రెండోది, మనకు తెలియకుండానే పక్కవాళ్ళను అనుకరిస్తాం. 2012లో నెదర్లాండ్స్‌లో 70 జంటల యువతుల భోజనాన్ని వీడియో తీసి చూస్తే, ఒకరు ముద్ద నోట్లో పెట్టుకున్న ఐదు సెకన్లలోపే రెండోవారు కూడా పెట్టుకోవడం ఎక్కువగా కనిపించింది. ఒకరు ఆవలిస్తే ఇంకొకరు ఆవలించినట్టు. ఇక రకాల సంగతి. బార్బరా రోల్స్ అనే పోషకాహార పరిశోధకురాలి బృందం 1984లో చేసిన ప్రయోగంలో నాలుగు విడతలూ ఒకే పదార్థం పెట్టినప్పటికంటే, నాలుగు వేర్వేరు పదార్థాలు పెట్టినప్పుడు 60 శాతం ఎక్కువ క్యాలరీలు తిన్నారు. ఒక రుచి మొహం మొత్తుతుంది గానీ, కొత్త రుచికి కడుపులో ఎప్పుడూ చోటుంటుంది. విందు అంటేనే రకాలు.

ఇన్ని కలిసి ఒక పక్క, నా మనోబలం ఒక్కటీ ఒక పక్క. పైగా మొహమాటం. మొహమాటానికి పోతే ఏమైందో సామెత మీ అందరికీ తెలుసు, ఇక్కడ పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి నేను పూర్తి చేయను. నా విషయంలో అయింది కూడా కడుపే, కాకపోతే బెల్టు దగ్గర.

మొహమాటం అడుగున ఉన్నది ఒక నమ్మకం. అందరూ నా ప్లేటే చూస్తున్నారని. దాన్ని పరీక్షించిన ప్రయోగం ఒకటుంది. థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2000లో ప్రచురించారు. ఒక విద్యార్థికి సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, తోటి విద్యార్థులున్న గదిలోకి పంపారు. ఎంతమంది గమనించి ఉంటారని తర్వాత అడిగితే, దాదాపు సగం మంది అన్నాడు. నిజంగా గమనించింది సుమారు పావు వంతు. ఛాతీ మీద అంత బొమ్మ వేసుకుని వెళ్తేనే అలా ఉంటే, నా ప్లేటులో ఏం లేదో ఎవరు చూస్తారు? నేనూ ఒక శనివారం లెక్కపెట్టాను. అప్పటికి నెలన్నరగా నేను తీపి ముట్టలేదు. ఆ సంగతి ఎనిమిది మందిలో ఒక్కడికి తెలుసు, అదీ నేనే చెప్పాను కాబట్టి.

ఆ చెప్పడం దగ్గరే నేను బోలెడు తప్పులు చేశాను. మొదటిసారి రిపోర్టు సంగతి టేబుల్ దగ్గరే బయటపెట్టాను. అంతే, అందరూ డాక్టర్లైపోయారు. నా క్లోమం మీద అరగంట చర్చ నడిచింది. “ఒక్కటి తింటే ఏమవుతుందిరా, మా బాబాయి ఎనభై ఏళ్ళు అన్నీ తిన్నాడు” అన్నాడొకడు. ఆ బాబాయికి జవాబు చెప్పలేక తినేశాను. ఇంకోసారి కడుపునొప్పి అని అబద్ధం ఆడాను. ఒకడు జేబులోంచి మాత్ర తీశాడు, ఇంకొకడు సోడా తెప్పించాడు. సాయంత్రమంతా లేని నొప్పిని నటించాల్సి వచ్చింది, దాని బదులు తినడమే తేలిక.

నాకు అర్థమైంది ఏమిటంటే, కారణం చెబితే అది బేరానికి పెట్టినట్టే. ప్రతి కారణానికీ ఒక జవాబుంటుంది. “వద్దురా, నేను తినను” అనేదానికి జవాబు లేదు. ఇక్కడ ‘తినను’కీ ‘తినకూడదు’కీ తేడా చూడండి. తినకూడదు అంటే ఎవరో వద్దన్నారని, ఆ ఎవరో ఇప్పుడు ఇక్కడ లేరని. తినను అంటే నా ఇష్టం. వెనెస్సా పాట్రిక్, హెన్రిక్ హాగ్ట్‌వెట్ అనే ఇద్దరు 2012లో ఈ తేడా మీదే ఒక ప్రయోగం ప్రచురించారు. సగం మంది విద్యార్థులకు ‘తినకూడదు’ అనే ధోరణి మాట, మిగతావాళ్ళకు ‘తినను’ అనే ధోరణి మాట అలవాటు చేశారు. బయటికి వెళ్తుండగా చాక్లెట్టో, దానికంటే ఆరోగ్యకరమైన చిరుతిండో ఏదైనా తీసుకోమన్నారు. ‘తినను’ అన్నవాళ్ళలో 64 శాతం మంచిదాన్ని తీసుకున్నారు, ‘తినకూడదు’ అన్నవాళ్ళలో 39 శాతం. ఇంగ్లీషులో రెండు మాటలతో తిప్పలు పడి చెప్పేది మన క్రియ చివర ఒక్క అక్షరంతో వచ్చేస్తుంది. వాడుకుందాం!

వండినవాళ్ళ సంగతి వేరు. పొద్దున్నుంచి పొయ్యి దగ్గర నిలబడిన మనిషి ముందు ‘తినను’ అని తెగేసి చెప్పడం నాకు చేతకాదు, చేతకావాలనీ లేదు. నేను ముందు రోజే ఫోన్ చేసి, నా కోసం ప్రత్యేకంగా ఏమీ చేయకండి, నేను కొంచెమే తింటాను, తప్పుగా అనుకోకండి అని చెప్పేస్తాను. వెళ్ళాక కొంచెం పెట్టుకుని, నిదానంగా తిని, ఎలా చేశారో అడుగుతాను. నిజంగానే అడుగుతాను, వింటాను. వాళ్ళు కోరుకునేది నా ప్లేటు నిండడం కాదు, తమ కష్టం ఎవరైనా గుర్తించడం.

నిర్ణయం టేబుల్ దగ్గర తీసుకుంటే ఓడిపోయినట్టే. బయల్దేరక ముందే తీసుకోవాలి. పీటర్ గోల్విట్జర్ అనే శాస్త్రవేత్త దీనికి ఒక పద్ధతి చెప్పారు. ‘ఇలా జరిగితే, అలా చేస్తాను’ అని వాక్యం ముందే తయారు చేసుకోవడం. 2006లో 94 పరీక్షలను కలిపి చూసినప్పుడు దాని ఫలితం బాగానే కనిపించింది. ‘ఇవాళ తక్కువ తింటాను’ అనుకోవడం కోరిక. ‘మళ్ళీ వడ్డించబోతే, నీళ్ళ గ్లాసు పట్టుకుని లేచి కబుర్లున్న చోటికి పోతాను’ అనుకోవడం ఏర్పాటు. నాకు రెండు వాక్యాలు చాలు. ఇంకోటి: ‘అన్నీ ఒకసారి చూసి వచ్చాకే ప్లేటు తీసుకుంటాను, అందులో నాకు నిజంగా ఇష్టమైనది ఒకటి తింటాను.’ ఎక్కడైనా దొరికే చప్పటి వేపుళ్ళ కోసం నా షుగర్‌ను పణంగా పెట్టడం నాకిష్టం లేదు. బాగున్నదాని కోసం అప్పుడప్పుడూ పెడతాను.

సాయంత్రం పార్టీ ఉందని మధ్యాహ్నం భోజనం మానేసేవాళ్ళున్నారా? నేనూ చేశాను. ఆకలితో వెళ్ళినవాడికి ఏ వాక్యమూ గుర్తుండదు. కడుపు నిండిన సంగతి మెదడుకి చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుందంటారు, ఆకలి మీద ఉన్నవాడు పది నిమిషాల్లో అంతా ముగిస్తాడు. ఇన్సులిన్ గానీ, షుగర్ తగ్గించే కొన్ని రకాల మాత్రలు గానీ వాడేవాళ్ళకు భోజనం మానడం ప్రమాదం కూడా, షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. మీ డాక్టర్ని అడక్కుండా అలాంటి ప్రయోగాలు వద్దు.

తాగేవాటి గురించి రెండే మాటలు. 330 మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్ క్యాన్‌లో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి వీలైతే 25 గ్రాముల దగ్గర ఆగమంటుంది. మద్యం గ్రాముకి 7 క్యాలరీలు, పైగా ముందు తయారు చేసుకున్న వాక్యాలన్నిటినీ అదే చెరిపేస్తుంది.

ఇన్ని చేసినా ఏదో ఒక రోజు తప్పుతాం. అసలు చిక్కు ఆ తర్వాతే. ‘మునిగినవాడికి చలేమిటి’ అంటాం కదా, ఆ చిక్కు. 1975లో హెర్మన్, మాక్ అనేవాళ్ళు కొందరికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ కావలసినంత తినమన్నారు. తిండి మీద పట్టింపు లేనివాళ్ళు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించారు. డైటింగ్ మనుషులు తాగనప్పటికంటే ఎక్కువ తిన్నారు. ఎలాగూ నియమం తప్పింది కదా అని! నేను అచ్చంగా ఆ మనిషినే. శనివారం తప్పితే ఆదివారం కూడా వదిలేసి, ‘సోమవారం నుంచి’ అనేవాణ్ణి. ఇప్పుడు లెక్క మార్చాను. రోజుకు మూడు చొప్పున వారానికి ఇరవై ఒక్క భోజనాలు. చెడింది ఒకటి. మిగతా ఇరవై నా చేతిలోనే ఉన్నాయి. కాబట్టి నెలకోసారి కలిసేవాళ్ళు ఈ ఉపన్యాసం వినకపోయినా నష్టం లేదు, హాయిగా తినండి. వారానికి మూడు సాయంత్రాలు కలిసేవాళ్ళకు మాత్రం అది పండగ కాదు, మామూలు భోజనమే. వాళ్ళకు ఇవన్నీ అవసరం.

ఒక దశలో నేను అసలు వెళ్ళడమే మానేశాను, రెండు నెలలు. షుగర్ కొంచెం తగ్గింది. నేను కూడా తగ్గాను, మనిషిగా. ఎవరి జోకూ వినలేదు, ఎవరి గొడవా తెలియలేదు. చివరికి ఇంట్లోవాళ్ళే బయటికి తోసేశారు. తిరిగి వెళ్ళిన కొత్తలో ఇంకో రోగం పట్టుకుంది, ఉపదేశం. “అందులో ఎంత నూనె ఉందో తెలుసా?” అని పక్కవాడి ప్లేటు చూసి అన్నాను. వాడు నోటి దగ్గరున్న ముద్ద ఆపి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నా ప్లేటు గురించి ఎవరూ మాట్లాడకూడదంటే, వాళ్ళ ప్లేటు గురించి నేనూ మాట్లాడకూడదు కదా. అప్పటి నుంచి నోరు మూసుకున్నాను. విచిత్రంగా, వాళ్ళు బలవంతపెట్టడం కూడా తగ్గింది.

ఇప్పుడు నా నంబరు 5.8. ఇంకా గుమ్మంలోనే ఉంది, కాకపోతే కాస్త వెనక్కి జరిగింది.

ప్రశ్నలుంటే అడగండి. త్వరగా అడగండి, వెనక టేబుల్ మీద ఏవో సర్దుతున్నారు. వచ్చేటప్పుడే ఒకసారి చూసి వచ్చాను. అందులో ఒకటి తింటానని అప్పుడే అనుకున్నాను.