ఒకే అంకె మూడుసార్లు

అందరికీ నమస్కారం. మీ మోటార్ క్లబ్ వాళ్లు ఏదైనా ఒక రేసు గురించి చెప్పమన్నారు. ఎదురుగా కూర్చున్నది ఇంజినీరింగ్ పిల్లలు కదా అని, అంకెలతో నడిచిన రేసునే ఎంచుకున్నాను. బోర్డు మీద రాస్తున్నాను, చూడండి: 1:21.072. అంటే ఒక నిమిషం 21.072 సెకన్లు.

1997 అక్టోబర్ 25, శనివారం. దక్షిణ స్పెయిన్‌లో హెరెజ్ అనే ఊరు. షెర్రీ అనే ద్రాక్షసారాయికి ఆ పేరు వచ్చింది ఈ ఊరి నుంచే. ఆ ఏడాది ఫార్ములా వన్‌లో చివరి రేసు, యూరోపియన్ గ్రాండ్ ప్రీ, ఇక్కడే. రేసులో ఎవరు ఏ వరసలో నిలబడి బయల్దేరాలో తేల్చే క్వాలిఫయింగ్ అప్పట్లో గంటసేపు జరిగేది. ఒక్కొక్కరికి పన్నెండు ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ పన్నెండు చుట్లు, ఎప్పుడు దిగాలో వాళ్లిష్టం. మొదటి పావుగంటలోనే విలియమ్స్ కారులో జాక్ విల్నవ్ ఈ టైము కొట్టాడు. అరగంట దగ్గర ఫెరారీలో మైకేల్ షూమాకర్ వచ్చాడు. గడియారం 1:21.072 అంది. తెరమీద తప్పు పడిందేమో అనుకున్నారు జనం. ఇంకో పది నిమిషాల్లో సెషన్ అయిపోతుందనగా విల్నవ్ జట్టువాడే, హైన్స్ హెరాల్డ్ ఫ్రెంట్‌జెన్ వచ్చాడు. మళ్లీ 1:21.072.

ఇప్పుడు లెక్క వేద్దాం. ట్రాక్ పొడవు 4.428 కిలోమీటర్లు. సగటు వేగం గంటకు 196 కిలోమీటర్ల పైచిలుకు. ఆ వేగంలో సెకనులో వెయ్యోవంతుకి కారు కదిలేది అయిదున్నర సెంటీమీటర్లు. మన ఇంట్లో అగ్గిపెట్టె అంత. నాలుగున్నర కిలోమీటర్లు తిరిగొచ్చిన మూడు కార్ల మధ్య తేడా ఆ అగ్గిపెట్టెలో ఇమిడిపోయిందన్నమాట. గడియారాన్ని ఎవరో కావాలని అలా నొక్కి ఉంటారని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. నాకా అనుమానం లేదు. మూడింట్లో రెండు అచ్చంగా ఒకే జట్టు కార్లు. టైటిల్ కోసం కొట్టుకుంటున్న మూడోది వాటికి ఏమాత్రం తీసిపోదు. కాకతాళీయమే, కాకపోతే చూడముచ్చటైన కాకతాళీయం.

గడియారం తేల్చలేకపోతే రూలు తేల్చాలి. ముందు కొట్టినవాడిదే ముందు వరస. రిజర్వేషన్ కౌంటర్ దగ్గర పద్ధతే. అలా విల్నవ్‌కి పోల్, అంటే అందరికంటే ముందు నిలబడే చోటు దక్కింది, షూమాకర్ రెండు, ఫ్రెంట్‌జెన్ మూడు.

నాలుగోవాడిని జనం మరిచిపోతారు. డేమన్ హిల్. అంతకు ముందు ఏడాది విలియమ్స్‌లో చాంపియన్ అయి కూడా సీటు పోగొట్టుకుని, యారోస్ అనే చిన్న జట్టులో నడుపుతున్నాడు. ఆ కారుతో 0.058 సెకన్ల తేడాలోకి వచ్చేశాడు. ఆఖరి ల్యాప్‌లో, ముందు ప్రమాదం ఉంది నెమ్మదించమని చెప్పే పసుపు జెండాలు కనిపిస్తే కాలు తీశాడు, లేకపోతే పోల్ అతనిదే అయ్యేదేమో. దీనికి ఇంకో కొస ఉంది. రెండు వారాల ముందు జపాన్‌లో విల్నవ్ ప్రాక్టీసులో పసుపు జెండాని లెక్కచెయ్యలేదు. ఆ తప్పుకి, రేసులో అయిదో స్థానానికి వచ్చిన రెండు పాయింట్లూ పోయాయి. ఏడాది మొత్తం మీద 79 పాయింట్లు ఉండాల్సినవాడికి 77 మిగిలాయి. జపాన్ గెలిచిన షూమాకర్‌కి 78. హెరెజ్‌కి వచ్చేసరికి ఇదీ పరిస్థితి.

ఈ 78, 77 గుర్తుపెట్టుకోండి. నా ఉద్దేశంలో ఆ రేసుని నడిపించింది ఇవే. ఇద్దరూ ఆగిపోతే చాంపియన్ షూమాకర్. షూమాకర్ ఒక్కడే ఆగిపోతే విల్నవ్‌కి ఆరో స్థానం, అంటే ఒక్క పాయింటు చాలు. ఇద్దరికీ 78 అయినా విజయాలు విల్నవ్‌వి ఏడు, షూమాకర్‌వి అయిదు.

ఆదివారం సంగతి. అంత కొట్టుకున్న పోల్ మొదటి మలుపు దాకా కూడా నిలవలేదు. షూమాకర్ ముందుకి దూసుకుపోయాడు, ఫ్రెంట్‌జెన్ కూడా విల్నవ్‌ని దాటేశాడు. పోల్ సంగతి ఎప్పుడూ అంతే. 2023 ఫిబ్రవరిలో మన హుసేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగిందా, పోల్ కొట్టిన మిచ్ ఎవాన్స్‌ని సొంత జట్టువాడే వెనకనుంచి గుద్దేశాడు, ఇద్దరూ ఇంటికి. సరే, హెరెజ్‌లో ఫ్రెంట్‌జెన్ ఎనిమిదో ల్యాప్‌లో దారిచ్చాడు. ఇక 69 ల్యాపుల రేసులో ఇద్దరి వేట మొదలైంది. పిట్ స్టాపుల వివరాలు వదిలేస్తాను. మధ్యలో ఫెరారీ ఇంజినే వాడే సౌబర్ కారొకటి విల్నవ్‌కి అడ్డంపడి రెండు మూడు సెకన్లు తినేసిందని మాత్రం చెప్పాలి.

నలభై ఎనిమిదో ల్యాప్. డ్రై శాక్ అనే కుడి మలుపు. ఆ పేరు కూడా షెర్రీదే. విల్నవ్ బాగా వెనకనుంచి వచ్చి, బ్రేకు ఆలస్యంగా తొక్కి, లోపలివైపు దూరాడు. అప్పుడు నేను హాస్టల్ టీవీ గదిలో నేలమీద కూర్చుని ఉన్నాను. షూమాకర్ పిచ్చి నాకు. "వాడికి దారెక్కడుందిరా, ఎందుకు దూరాడు?" అని ఆ రాత్రి మెస్‌లో అన్నం చల్లారిపోయేదాకా వాదించాను.

తర్వాత షూమాకర్ తలపై నుంచి తీసిన కెమెరా దృశ్యం చూశాను. ఇప్పటికి వందసార్లు చూసుంటాను. పక్కన కారు కనబడగానే అతని చేతులు స్టీరింగ్‌ని కాస్త ఎడమకి తిప్పుతాయి, తప్పించుకోవడానికి. ఆ వెంటనే కుడికి తిరుగుతాయి. ముందు కుడి చక్రం వెళ్లి విల్నవ్ కారు ఎడమ సైడ్‌పాడ్‌ని, అంటే కారు పక్కభాగాన్ని కొడుతుంది. మొదటి కదలిక డ్రైవర్‌ది, రెండోది 78, 77 లెక్కదీ అని నాకనిపిస్తుంది. 1994లో ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్‌లో ఇదే మనిషి, ఒకే ఒక్క పాయింటు ముందుండి, ఇదే హిల్‌తో గుద్దుకుని చాంపియన్ అయ్యాడు. అది చేతులు మరిచిపోవు. ఈసారి తగిలిన చోటు కుదరలేదు. విల్నవ్ కారు నడుస్తూనే ఉంది, ఫెరారీ కంకరలో కూరుకుపోయింది.

దెబ్బతిన్న కారుని విల్నవ్ పసిబిడ్డని ఎత్తుకున్నట్టు నడిపాడు. ఆఖరి ల్యాప్‌లో మెక్‌లారెన్ జట్టు కార్లు రెండింటినీ ముందుకి పోనిచ్చాడు. మికా హాకినెన్‌కి అదే తొలి గెలుపు. రెండేళ్ల క్రితం ఆడిలైడ్‌లోనే చావు అంచుదాకా వెళ్లొచ్చినవాడు. డేవిడ్ కూల్తార్డ్ రెండు, విల్నవ్ మూడు. ఆఖరి రేసు ఆడుతున్న గెర్‌హార్డ్ బెర్గర్, సెకనులో ఎనిమిదో వంతు కూడా తేడా లేకుండా విల్నవ్ వెనకే నాలుగు. నలుగురూ రెండు సెకన్లలోపే వచ్చేశారు. విల్నవ్ 81 పాయింట్లతో చాంపియన్.

ఆ రోజు రేసులో తప్పొప్పులు తేల్చే స్టీవార్డులు షూమాకర్ చేసినదాన్ని రేసులో జరిగే మామూలు గుద్దుడే అన్నారు. నవంబర్ 11న, ఈ రేసులన్నిటి మీదా పెత్తనం ఉన్న ఎఫ్‌ఐఏ ఆ మాట ఒప్పుకోలేదు. షూమాకర్ గెలుపులు గెలుపులుగానే ఉంచి, చాంపియన్‌షిప్ పట్టికలోంచి అతని వరస తీసేసింది. పైగా రోడ్డు భద్రత ప్రచారం చెయ్యమంది. తగిన శిక్షే, కొంచెం వెటకారం కూడా.

ఆ పట్టిక ఇప్పుడు తెరిచి చూస్తే మొదట విల్నవ్, 81. దాని కింద 78 ఉండదు. 42 ఉంటుంది. పేరు ఫ్రెంట్‌జెన్. శనివారం, బోర్డు మీదున్న ఈ 1:21.072ని మూడోసారి కొట్టినవాడు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.