మాట వింటాడు అంటే ఏం వింటాడు?

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఓకే. బ్యానర్ మీద "మాట వినే పిల్లల్ని పెంచడం ఎలా" అని రాశారు, బాగుంది, కానీ పెంచడం గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు కాబట్టి నేను ఆ "మాట వినే" అన్న దగ్గరే ఆగిపోతాను, ఏమనుకోకండి.

"మావాడు అస్సలు మాట వినడండీ" అంటే వాడికి చెవుడని ఎవరూ అనుకోరు కదా. చెప్పింది చెయ్యడు అని. కూర్చోమంటే కూర్చోడు, ఫోన్ పక్కన పెట్టమంటే పెట్టడు. అలాగే "చెప్పిన మాట వింటాడండీ బంగారం" అంటే చెప్పింది చేస్తాడు అని. మరి చెప్పింది నేర్చుకున్నాడా? అది ఈ మాటలో ఎక్కడా లేదు. నా గొడవంతా ఇదే. చెప్పినట్టు చేసేవాడికీ చెప్తే నేర్చుకునేవాడికీ కలిపి ఒకటే మెప్పు పెట్టుకుని, రెండోవాడు దొరికినప్పుడు ఏమనాలో తెలీక వాడికి పొగరు అంటున్నాం.

మొదటివాడికి మన దగ్గర మాటలకి కొదవ లేదు. సగం పశువుల కొట్టంలోంచే వచ్చాయి. ఊళ్ళో వ్యవసాయం చూసినవాళ్ళకి తెలుసు, కొత్త కోడెని ఒంటరిగా అరకకి కట్టరు, ముందు దగ్గరికెళ్ళి గంగడోలు నిమిరి, చేత్తో ఇంత తవుడు పెట్టి మచ్చిక చేసుకుంటారు, ముక్కు కుట్టి ముకుతాడు వేస్తారు, తర్వాత పనొచ్చిన ముసలి ఎద్దు పక్కన కాడి కిందకి తెస్తారు, పగ్గం మాత్రం మనిషి చేతిలోనే. ఇప్పుడు ఆ మాటలే మనుషుల మీద ఎలా వాడతామో చూడండి. కొత్త మేనేజర్‌ని మచ్చిక చేసుకున్నాడు. పెళ్ళి చేస్తే ముకుతాడు వేసినట్టే. పగ్గాలు వాళ్ళావిడ చేతిలో ఉన్నాయి. ఇంకా ముదిరితే గంగిరెద్దులా తలూపుతాడు, డూడూ బసవన్న. పాపం ఆ ఎద్దు సన్నాయికీ డోలుకీ తగ్గట్టు "అయ్యగారికి దండం పెట్టు" అనగానే కాలు మడవడానికి ఎంత కష్టపడి నేర్చుకుని ఉంటుందో, దాన్ని తీసుకెళ్ళి తిట్టు చేశాం.

సంస్కృతం మాటలు పెద్దరికంగా ఉంటాయి కదా అనుకుంటే అక్కడా అంతే. "విద్య యొసగును వినయంబు" అని స్కూల్ గోడల మీద రాస్తాం, ఆ వినయం కుటుంబంలోదే వినీత అన్న మాట, దాన్ని బాగా తర్ఫీదు ఇచ్చిన గుర్రానికి కూడా వాడారు. ఇక విధేయుడు, పాపం ఉత్తరం చివర "ఇట్లు తమ విధేయుడు" అని సంతకం దగ్గర ఓ మూల పడుండేవాడు, ఇప్పుడు రాజకీయాల్లో ప్రమోషన్ వచ్చి అధిష్ఠానానికి వీరవిధేయుడు అయ్యాడు. విధేయతలో వీరత్వం ఏంటో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

ఇందులో ఇంకో తమాషా, ఎవరి మాట వింటున్నాడన్న దాన్ని బట్టి రేటు మారిపోతుంది. అమ్మ మాట వింటే బుద్ధిమంతుడు, అదే మనిషి పెళ్ళాం మాట వింటే "కొంగుకి కట్టేసుకుంది". ఆడపిల్లకైతే అణకువ, ఒద్దిక, సర్దుకుపోతుంది అని పెళ్ళిచూపుల్లో క్వాలిఫికేషన్ కింద చెప్తారు, అబ్బాయికి అణకువ ఉందా అని అడిగినవాళ్ళని నేను చూళ్ళేదు. పోనీ మెతకగా ఉంటే గౌరవం ఉందా అంటే, మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని సామెత కూడా మనదే. పిల్లలకి ఒకటి చెప్పి మనం ఇంకోటి చేస్తామన్నమాట.

మరి రెండోవాడి సంగతి. వాడి గురించి మనవాళ్ళు చెప్పనేలేదా అంటే చెప్పారు, మనమే సగం పట్టుకొచ్చాం. సుమతీ శతకంలో "వినదగు నెవ్వరు చెప్పిన" పద్యం అందరికీ వచ్చు, పిల్లల్ని కూర్చోబెట్టి వినమని చెప్పడానికి ఆ మొదటి ముక్క బ్రహ్మాండంగా పనికొస్తుంది, అక్కడే ఆపేస్తాం. తర్వాతేముంది? "వినినంతనె వేగపడక వివరింపదగున్". విన్నావు సరే, వెంటనే తొందరపడకు, విచారించు, ఏది కల్లో ఏది నిజమో తేల్చుకో అని. అంటే ఎదురు ప్రశ్న వెయ్యమనే కదండీ చెప్తోంది!

ఏనుగు లక్ష్మణకవి భర్తృహరిని తెలుగు చేస్తూ ఇంకా సూటిగా చెప్పాడు. ఏమీ తెలియనివాడికి చెప్పడం తేలిక, బాగా తెలిసినవాడికి ఇంకా తేలిక, "తెలిసియు తెలియని నరు తెల్ప బ్రహ్మదేవుని వశమే" అన్నాడు. ఇక్కడ ఒకటి గమనించండి, చెప్పించుకునే లక్షణం అమాయకులకే ఉంటుందని ఆయన అనలేదు, బాగా తెలిసినవాడికి చెప్పడం ఇంకా సులువు అంటున్నాడు. అలాంటివాడు పగ్గం పట్టుకుంటే వచ్చే రకం కాదు, కారణం చూపిస్తే వస్తాడు. వాట్సాప్‌లో రెండు ఫార్వర్డ్‌లు చదివి డాక్టరుకి వైద్యం చెప్పే మా బాబాయి లాంటివాళ్ళ దగ్గరే బ్రహ్మదేవుడు చేతులెత్తేసేది. మా బాబాయి చాలా మర్యాదస్తుడండోయ్, పెద్దవాళ్ళ ముందు పల్లెత్తు మాట అనడు, కానీ ఏదైనా నేర్పడం మాత్రం ఎవరి వల్లా కాదు.

క్లాస్‌రూమ్‌లోకి రండి. భిన్నాలు చెప్పి "అర్థమైందా?" అనగానే "అర్థమైందీ సార్" అని కోరస్ వస్తుంది, రాగం తీసి మరీ. ఒక్కసారి వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు, 3 కన్నా 4 పెద్దది కదా సార్, మరి 1/3 కన్నా 1/4 చిన్నదెలా అయింది అని. పక్కవాడు చొక్కా పట్టి లాగుతున్నాడు కూర్చోరా అని. ఇలాంటివాడి గురించే స్టాఫ్‌రూమ్‌లో "ఎదురు మాట్లాడతాడు, పెంకి ఘటం" అంటుంటాం. రొట్టె ముగ్గురికి పంచితే నీకు ఎంత, నలుగురికి పంచితే ఎంత అని బోర్డు మీద గీసి చూపించాను. వాడు కాసేపు చూసి తలూపాడు. కూర్చోబోతూ మళ్ళీ లేచి, "రెండు రొట్టెలూ ఒకే సైజు అయితేనే కదా సార్?" అన్నాడు. నేను గీసినవి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.