స్క్రమ్ మొదలుపెట్టేది బోర్డుతో కాదు

అందరికీ నమస్కారం.

సాఫ్ట్‌వేర్ పనిని చిన్న విడతలుగా చేసి చూపించే పద్ధతి స్క్రమ్. అది మొదలుపెడదాం అనుకోగానే చాలా టీములు జిరాలో (పనుల జాబితా నడిపే సాఫ్ట్‌వేర్) బోర్డు తెరుస్తాయి, మర్నాటి నుంచి పొద్దున్నే పావుగంట నిలబడి మాట్లాడుకుంటాయి. బోర్డు ఎప్పుడైనా పెట్టుకోవచ్చు. దానికన్నా ముందు తేల్చుకోవలసింది, ఒక పని అయిపోయిందని ఎప్పుడు ఒప్పుకుంటాం అన్నది. అది తేలకుండా మిగతావన్నీ ఎంత శ్రద్ధగా చేసినా మొక్కుబడే.

నియమాల కోసం ఎక్కడా వెతుక్కోనక్కర్లేదు. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ 1995లో ఈ పద్ధతిని ఒక సదస్సులో వివరించారు. 2010లో స్క్రమ్ గైడ్ తొలి కూర్పు వచ్చింది. 2020 నవంబరు కూర్పు పదమూడు పేజీలే, ఉచితంగా దొరుకుతుంది. స్టోరీ పాయింట్లు (పని ఎంత పెద్దదో చెప్పే అంకెలు), వెలాసిటీ (ఒక విడతలో ఎన్ని పాయింట్లు పూర్తయ్యాయో) అందులో ఎక్కడా లేవు. ‘నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు, అడ్డంకులేమిటి’ అనే మూడు ప్రశ్నల్నీ 2020లో తీసేశారు. అవి వాడితే తప్పు లేదు గానీ, వాటికోసం కొట్లాడుకోవడం దండగ.

ఒక ఉదాహరణ పట్టుకుందాం. మన ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్ల యజమానులకి ఒక యాప్ కావాలి. ట్రిప్పుకి డీజిల్‌, ఐసుకి ఎంతైంది, సరుకు ఎంతకి పోయింది, కళాసీల వాటా ఎంత, ఇవీ లెక్కలు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మొత్తం 61 రోజులు. బోట్లు మళ్లీ కదిలేనాటికి యాప్ చేతిలో ఉండాలి. అంటే రెండు వారాల స్ప్రింట్లు (స్క్రమ్‌లో ఒక్కో విడత పేరు ఇది) నాలుగు, పైన ఐదు రోజులు.

మొదటి దెబ్బ పనిని ముక్కలు చేసేటప్పుడే తగులుతుంది. మొదటి స్ప్రింట్‌లో డేటాబేసు, రెండో దాంట్లో ఏపీఐ (స్క్రీనుకీ డేటాబేసుకీ మధ్య కోడు), మూడో దాంట్లో స్క్రీన్లు, నాలుగో దాంట్లో టెస్టింగ్ అని పంచేస్తారు. ఇది ఒక దశ పూర్తయ్యాకే ఇంకోటి మొదలుపెట్టే పాత వాటర్‌ఫాల్ పద్ధతే, మధ్యలో మీటింగులు పెరిగాయంతే. యజమాని చూడ్డానికి మే నెలాఖరు దాకా ఏమీ ఉండదు. ఆయన చూసి ‘మా లెక్క ఇలా ఉండదు బాబూ, ముందు ఖర్చు తీసేశాకే వాటా వేస్తాం’ అంటే, డేటాబేసు దగ్గర్నుంచి మళ్లీ తిరగేయాలి. అందుకని నిలువునా కోయండి. మొదటి స్ప్రింట్‌లో డీజిల్ ఖర్చు ఒక్కటే తీసుకోండి, కానీ స్క్రీను నుంచి డేటాబేసు దాకా పూర్తిగా పనిచెయ్యాలి. స్ప్రింట్ గోల్ ఒక్క వాక్యం: యజమాని ఒక ట్రిప్పు డీజిల్ ఖర్చు ఫోన్లో రాసి, తర్వాత తెరిచి చూసుకోగలగాలి.

ఇప్పుడు ‘డెఫినిషన్ ఆఫ్ డన్’, అంటే పని అయిపోయిందని ఒప్పుకోవడానికి పెట్టుకునే షరతుల జాబితా. ఈ యాప్‌కైతే ఇలా రాసుకుంటాం: ఇంకొకరు కోడ్ రివ్యూ చేశారు, టీమ్ ఉమ్మడి కోడ్ ఉండే మెయిన్ బ్రాంచిలో కలిసింది, ఆటోమేటెడ్ టెస్టులు పాసయ్యాయి, టెస్ట్ సర్వర్ మీదికి ఎక్కింది, చవక ఫోన్లో కూడా తెలుగు ఒత్తులు విడిపోకుండా కనబడుతున్నాయి, సిగ్నల్ లేనప్పుడు రాసింది ఫోన్లోనే నిలిచి, సిగ్నల్ రాగానే సర్వర్‌కి చేరింది. ఆ చివరిది రాయకపోతే ఆఫీసు వైఫైలో అంతా బ్రహ్మాండంగా నడుస్తుంది. ఒడ్డు దాటాక తెలుస్తుంది సంగతి. ఈ జాబితాలో ఒక్కటి తక్కువైనా ఆ పని స్ప్రింట్ చివర జరిగే రివ్యూలో చూపించకూడదు, తిరిగి చేయవలసిన పనుల జాబితా అయిన ప్రొడక్ట్ బ్యాక్‌లాగ్‌లోకే వెళ్లాలి. ‘తొంభై శాతం అయిపోయింది, టెస్టింగే మిగిలింది’ అంటే లెక్కలో సున్నా. సగం పాయింట్లు ఇచ్చే అలవాటు పడితే నాలుగో స్ప్రింట్‌కి అన్నీ సగాలే మిగులుతాయి.

మనుషుల సంగతి క్లుప్తంగా చెప్తాను. టీమ్ పదిమందికి మించకపోవడం మంచిది, టెస్టర్లు అందులోనే. ఏ పని ముందో తేల్చే ప్రొడక్ట్ ఓనర్ ఒక్కరే ఉండాలి, కమిటీ పనికిరాదు. మన దగ్గర చాలాసార్లు ఆ ఒక్కరూ అమెరికాలో ఉంటారు. తూర్పు అమెరికాకీ మనకీ వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. అందుకోసం డైలీ స్క్రమ్‌ని (ఆ పొద్దుటి పావుగంటని) రాత్రికి జరపకండి. అది డెవలపర్లు ఆ రోజు పని సర్దుకోవడానికి, ప్రొడక్ట్ ఓనర్ ఉండితీరాలన్న రూలు లేదు. ఆయనతో కూర్చోవలసింది ప్లానింగ్‌లో, రివ్యూలో, మధ్యలో బ్యాక్‌లాగ్ సరిచూసుకునేటప్పుడు. ఆ గంటలు ముందే పట్టుకోండి.

ఇక టైము. నెల స్ప్రింట్‌కి ప్లానింగ్ ఎనిమిది గంటలు, రివ్యూ నాలుగు, రెట్రో (పనితీరు ఎలా మెరుగుపరచాలో మాట్లాడుకునే సమావేశం) మూడు మించకూడదని గైడ్ అంటుంది. రెండు వారాలకి సగం వేసుకున్నా, రోజుకో పావుగంట కలిపితే మనిషికి పది గంటలు. రోజుకి ఎనిమిది గంటల చొప్పున ఎనభైలో ఇది పోతుంది. పాత ప్రాజెక్టు బగ్గులు, సెలవులు కూడా తీసేస్తే నిజంగా కోడ్‌కి మిగిలేది యాభై దాకా అనుకోండి. మొదటి స్ప్రింట్‌లో ఎంత పట్టగలమో తెలియదు కాబట్టి, మీకు తోచినదానికన్నా తక్కువే తీసుకోండి. మిగిలితే బ్యాక్‌లాగ్ పైనుంచి ఇంకోటి లాక్కోవచ్చు.

స్ప్రింట్‌ని బుధవారం మొదలుపెట్టి రెండో మంగళవారం ముగించండి. శుక్రవారం సాయంత్రం శ్రీకాకుళం, విజయనగరం బస్సెక్కేవాళ్లని రివ్యూలో కూర్చోబెట్టి ఏం లాభం?

డైలీ స్క్రమ్ చెడిపోయే తీరు ఎక్కడైనా ఒకటే. మేనేజరు మధ్యలో నిలబడతాడు, ఒక్కొక్కరూ ఆయన వైపు తిరిగి అప్పజెబుతారు. పక్కవాడు ఏపీఐ కోసం రెండురోజులుగా ఆగిపోయాడని ఎవరికీ వినబడదు. వరసగా మనుషుల్ని అడగడం మానేసి, బోర్డు మీద పూర్తికి దగ్గరగా ఉన్న పని నుంచి వెనక్కి రండి. ‘దీన్ని ఇవాళ ముగించాలంటే ఏం కావాలి?’ అని అడిగితే మాట పని మీదికి మళ్లుతుంది.

మధ్యలో ఎవరో వచ్చి ఐసు లెక్క కూడా ఈ స్ప్రింట్‌లోనే కావాలంటారు. స్ప్రింట్ గోల్‌కి దెబ్బ లేకపోతే ప్రొడక్ట్ ఓనర్‌తో మాట్లాడి, ఇంకో పని తీసేసి మార్చుకోవచ్చు. గోల్‌కే అర్థం లేకుండా పోతే స్ప్రింట్‌ని రద్దు చేసే అధికారం ప్రొడక్ట్ ఓనర్‌ ఒక్కరిదే, మేనేజరుకి లేదు.

మొదటి రెట్రోలో పదిహేను ఫిర్యాదులు వస్తాయి. ఒక్కటి ఎంచుకుని, ఎవరు చూస్తారో పేరు రాసి, బుధవారం ప్లానింగ్‌లో మిగతా పనులతోపాటే స్ప్రింట్ బ్యాక్‌లాగ్‌లో పెట్టండి. మిగతా పద్నాలుగూ తర్వాతి రెట్రోకి ఎలాగూ వస్తాయి.