సర్వర్ ఆపే ముందు ఒక్క ఫోన్

అందరికీ నమస్కారం. పవర్‌షెల్ గురించి, అంటే విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసి పని చేయించే సాధనం గురించి చెప్పమని పిలిచారు. చెప్తాను. దానికంటే ముందు ఒక సాయంత్రం సంగతి చెప్పనివ్వండి, ఏళ్ల తరబడి మోస్తున్నాను.

చిన్న కంపెనీ. అందరి ఫైళ్లూ ఒకేచోట ఉండే కంప్యూటర్, ఫైల్ సర్వర్, నేనే చూసేవాణ్ణి. అకౌంట్స్ డేటా అంతా సర్వర్‌లో అందరూ తెరిచే ఫోల్డర్‌లోనే. నెలాఖరు. సాయంత్రం ఆరున్నరకి ప్యాచ్, అంటే సాఫ్ట్‌వేర్ సవరణ, వేసి రీస్టార్ట్ చేశాను. పొద్దున్నే అందరికీ మెయిల్ పెట్టాను కదా అని ధీమా. పది నిమిషాలకి అకౌంట్స్ మేడమ్ మెట్లెక్కి వచ్చారు. తిట్టలేదు. "బాబూ, డేటా తెరుచుకోవడం లేదు" అన్నారంతే. ఎంట్రీ మధ్యలో కనెక్షన్ తెగి ఫైళ్లు పాడయ్యాయి. ముందురోజు రాత్రి బ్యాకప్ ఎక్కించాం. ఆ రోజు వోచర్ల కట్ట విప్పి నేను అంకెలు చదువుతుంటే ఆవిడ మళ్లీ కొట్టారు. పదిన్నర దాటింది. గేటు దగ్గర వాళ్లబ్బాయి బండి మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు.

రీస్టార్ట్‌కి ముందు సర్వర్‌లో 'నెట్ సెషన్' అనే ఆదేశం కొట్టి ఉంటే అర నిమిషం పట్టేది కాదు. కంప్యూటర్, యూజర్, తెరిచిన ఫైళ్లెన్ని, ఎంతసేపుగా కదలిక లేదు, అన్నీ చూపిస్తుంది. లినక్స్‌లో ఫైళ్లు పంచే సాంబా అయితే 'ఎస్‌ఎంబీస్టేటస్'. విండోస్ సర్వర్ 2012 నుంచి పవర్‌షెల్‌లో 'గెట్-ఎస్‌ఎంబీసెషన్', 'గెట్-ఎస్‌ఎంబీఓపెన్‌ఫైల్' ఉన్నాయి: మొదటిది ఎవరు కనెక్ట్ అయ్యారో, రెండోది ఏ ఫైళ్లు తెరిచి ఉన్నాయో చెప్తుంది. ఒక్కో కనెక్షన్‌కి ఉండే నంబరు, సెషన్ ఐడీతో రెండింటినీ కలిపితే ఎవరు ఏ ఫైలు పట్టుకున్నారో తేలిపోతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కదలిక లేదని వదిలేయకండి, భోజనానికి వెళ్లినవాళ్ల ఫైలూ తెరిచే ఉంటుంది. నోట్‌ప్యాడ్ అయితే చదివేసి ఫైలు వదిలేస్తుంది, అది ఆ జాబితాలోకే రాదు.

అసలు బాధ ఇక్కడుంది. జాబితాలో 'అకౌంట్స్3' అని వస్తుంది. ఎవరది? ఒకే లాగిన్‌ని నలుగురు వాడుతుంటే ఎవరికని ఫోన్ చేస్తారు? దయచేసి మనిషికో లాగిన్ ఇవ్వండి. మేనేజర్లు వద్దన్నా, రెండుసార్లు అడిగైనా ఇప్పించండి. అందుకే ఈ ఆదేశాలన్నీ రాసిపెట్టుకున్న నా పవర్‌షెల్ స్క్రిప్టు పక్కన ఒక సీఎస్‌వీ ఫైలు, అంటే కామాలతో విడదీసిన పట్టిక, పెట్టుకున్నాను: లాగిన్, మనిషి పేరు, ఫోన్ ఎక్స్‌టెన్షన్ నంబరు. స్క్రిప్టు నడిస్తే తెర మీద 'అకౌంట్స్3' రాదు, మనిషి పేరొస్తుంది, పక్కన నంబరొస్తుంది. నేను ఫోన్ తీస్తాను. "మేడమ్, సేవ్ చేసి బయటికొస్తారా?" అంటాను. ఆవిడ సరే అన్నాక మళ్లీ నడిపిస్తాను. జాబితాలో ఆవిడ పేరున్న వరుస పోయాకే రీస్టార్ట్.

ప్రొజెక్టర్ వేయండి బాబూ. మొదటి లైను నుంచి చూద్దాం.