వెనక సీట్లోంచి చూస్తే స్పోర్ట్స్ సెడాన్

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే టిఫిన్ కూడా సరిగ్గా చెయ్యకుండా వచ్చినట్టున్నారు చాలామంది, అందుకని మీ బుర్ర ఎక్కువసేపు తినను. మన అపార్ట్‌మెంట్ కమిటీ వాళ్లు పిలిచి మీ బండి గురించి ఓ పావుగంట మాట్లాడండి అన్నారు. ఎందుకన్నారంటే మన సెల్లార్‌లో నా బండి పక్కన నిలబడి ఫొటోలు దిగినవాళ్లు బోలెడుమంది, అందులో వెనక కూర్చున్నవాళ్లు మాత్రం మా ఇంట్లోవాళ్లే. ఇవ్వాళ నేను చెప్పేది కూడా ఎక్కువ ఆ వెనక సీటు గురించే, స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాడి మాట ఎలాగూ యూట్యూబ్ నిండా ఉంది.

బండి బీఎండబ్ల్యూ త్రీ సిరీస్‌లో ఎం340ఐ, 2022 డిసెంబర్‌లో వచ్చిన ఫేస్‌లిఫ్ట్ మోడల్, అంటే పాత బండికే కాస్త మెరుగులు దిద్ది వదిలింది, నేను 2023లో తీసుకున్నా. ఎక్స్‌షోరూమ్ దాదాపు 70 లక్షలు. అప్పటికి మన తెలంగాణలో 20 లక్షలు దాటిన కార్లకి లైఫ్ టాక్స్ 18 శాతం, అంటే ఒక్క టాక్సే 12 లక్షల పైమాట. మా తమ్ముడు బిల్లు చూసి "అన్నయ్యా, నువ్వు టాక్స్ కట్టిన డబ్బుల్తో నేను బండే కొనుక్కున్నా కదరా" అన్నాడు. ఏం చెప్తాం, నవ్వి ఊరుకున్నా.

కాగితం మీద లెక్కలు ఒకసారి చెప్పేస్తా, మళ్లీ వాటి జోలికి పోను. మూడు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, వరసగా ఆరు సిలిండర్లు, 374 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాల్ని తిప్పే బలం, నాలుగు చక్రాలకీ పవర్ వెళ్తుంది, సున్నా నుంచి వందకి 4.6 సెకన్లు. ఈ 4.6 సెకన్లు నేను ఇప్పటిదాకా ఎన్నిసార్లు వాడానో లెక్కపెడితే చేతివేళ్లు మిగిలిపోతాయండీ. అదే మన గేటు నుంచి పిల్లల స్కూలు దాకా మూడున్నర కిలోమీటర్లలో పదకొండు స్పీడ్ బ్రేకర్లున్నాయి, పోనూ రానూ రోజుకి ఇరవై రెండు. మరి నా బండిని దేంతో కొలవాలి, మీరే చెప్పండి.

ఈ స్పీడ్ బ్రేకర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, తక్కువ ఎత్తు బండి ఉన్నవాడికి బతుకంతా దాని చుట్టూనే తిరుగుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల కొలత ప్రకారం బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి, అంటే చాప పరిచినట్టు మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి, గంటకి 25 కిలోమీటర్ల స్పీడ్‌లో నడుం కదలకుండా దాటెయ్యాలి. మన దగ్గర ఏం చేస్తారంటే ఎక్కడో పోత పోయగా మిగిలిన కాంక్రీటు తెచ్చి రోడ్డుకి అడ్డంగా పోస్తారు, మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు, పైన తెల్లరంగు కూడా ఉండదు. దాని మీదకి ముందు చక్రాలు ఎక్కి దిగాక, వెనక చక్రాలు ఇంకా ఎక్కకముందు, పొట్ట మధ్యలో కిందకి వేలాడుతుంది చూశారా, అప్పుడొస్తుంది ఆ చప్పుడు. గర్ర్ మని. ఆ చప్పుడు బండికి కాదు, డైరెక్టుగా నా కిడ్నీకి తగుల్తుంది.

ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం నా బండికి 2851 మిల్లీమీటర్లు. ఆ దూరం పెరిగేకొద్దీ పొట్ట తగిలే ఛాన్స్ పెరుగుద్ది. ఇదే త్రీ సిరీస్‌లో గ్రాన్ లిమోజీన్ అని పొడుగు బండి వచ్చింది, దానికి ఇంకో 110 మిల్లీమీటర్లు ఎక్కువ, వెనక కాళ్లు బార్లా చాపుకోవచ్చు, కానీ ఇట్లాంటి గుట్టల మీద ఇంకా జాగ్రత్తగా పోవాలి. నేను నేర్చుకున్న విద్య ఏంటంటే బ్రేకర్‌ని ఎదురుగా ఎక్కకూడదు, ఏటవాలుగా, ఒక్కో చక్రం ఒక్కోసారి ఎక్కేలా పోవాలి, వెనకాల స్కూటర్ వాళ్లు హారన్ కొట్టి తిట్టినా సరే. ఇంట్లో వాళ్లందరూ ఎక్కి డిక్కీ నిండా సామాను ఉన్నప్పుడైతే బండి ఇంకాస్త కిందకి దిగుద్ది. స్కూలు వెనక సందులో ఒక బ్రేకర్ దగ్గర ఓరోజు అందర్నీ దింపేసి బండి దాటించా, మా ఆవిడ ఆ పక్కన నిలబడి "ఇన్ని లక్షలు పోసింది దిగి నడవటానికా" అంది. పక్కన ఇడ్లీ బండి దగ్గర తింటున్నాయన ప్లేటు పట్టుకునే నవ్వాడు, నాకు బాగా గుర్తు.

సరే, వెనక సీటు. మా అమ్మకి డెబ్భై రెండేళ్లు, మోకాళ్ల నొప్పులు. మొదటిరోజు పూజ అయ్యాక ఎక్కించాం. కూర్చుంది, ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు, తర్వాత "ఇది సీటు కాదురా, పీట మీద కూర్చున్నట్టుంది" అంది. అంతకంటే కరెక్ట్ రివ్యూ నేను ఎక్కడా చదవలేదు. స్పోర్ట్స్ సెడాన్ అంటే బరువు నేలకి దగ్గరగా ఉండాలి, అందుకని సీట్లు కింద పెడతారు, మలుపులో ఒరగకుండా ఉంటుంది, నడిపేవాడికి పండగ. పెద్దవాళ్లకి మాత్రం ఎక్కడం ఒక ఎత్తు, దిగడం పది ఎత్తులు. తల వంచాలి, ఒక కాలు బయట పెట్టాలి, డోర్ పట్టుకుని లేవాలి, ఆ లేచేటప్పుడు బరువంతా మోకాలి మీదే. ఇప్పుడు నేనేం చేస్తానంటే గుడికెళ్లినా ఆసుపత్రికెళ్లినా ఫుట్‌పాత్ పక్కన కాకుండా కాస్త దూరంగా ఆపుతా, ఎందుకంటే గట్టు పక్కనే ఆపితే ఆవిడకి కాలు పెట్టే చోటు పైకొచ్చేసి మోకాళ్లు గడ్డానికి తగుల్తాయి. ఇలాంటివి ఏ బ్రోషర్‌లోనూ రాయరండీ.

మధ్య సీటు గురించి అడగొద్దు. కింద ఇంజన్ పవర్‌ని వెనక చక్రాలకి మోసే షాఫ్ట్ వెళ్లడానికి నడిమధ్యన గట్టులాగా లేస్తుంది, ముందు ఇంజన్ ఉండి వెనక చక్రాలు తిప్పే బండ్లన్నిట్లో ఇది తప్పదు. అక్కడ కూర్చున్నవాడు చెరో పక్కా కాళ్లు వేసుకుని గేదె మీద కూర్చున్నట్టు కూర్చోవాలి. మా పెద్దాడికి పదకొండేళ్లు కాబట్టి వాడికదే సరదా, మా బావగారు ఒకసారి విజయవాడ దాకా అలా వచ్చి ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు. చిన్నదాని సీటు మాత్రం సుఖంగా ఉంది, కిటికీ వైపు రెండు సీట్లకీ ఐసోఫిక్స్ అని ఛైల్డ్ సీటు తగిలించే కొక్కేలున్నాయి, ఛైల్డ్ సీటు టక్కుమని పడుద్ది. సేఫ్టీ సంగతి కూడా చెప్పాలిగా, 2019లో యూరో ఎన్‌క్యాప్ అని యూరప్‌లో కార్ల సేఫ్టీ పరీక్షించే వాళ్లు ఈ త్రీ సిరీస్‌ని గుద్ది చూసి ఐదు స్టార్లిచ్చారు, పెద్దవాళ్లకి 97 శాతం, పిల్లలకి 87 శాతం మార్కులు. మా ఆవిడ ఈ కారు కొనడానికి ఒప్పుకుంది ఆ ఒక్క ముక్క చూపించాకే, హార్స్‌పవర్ చూసి కాదు.

ఇంక ఇంజన్. ఇక్కడ మాత్రం నన్ను ఆపకండి. పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లకి తెలుసు, పొలం దగ్గర ఆయిల్ ఇంజన్ ఉండేది, ఒకే సిలిండర్, డుగు డుగు డుగు అని కొడుతుంటే దాని కింద దిమ్మె కూడా అదిరేది. ఒక్కడే పిస్టన్, పైకి పోతే పైకి లాగుద్ది, కిందకొస్తే కిందకి తోసుద్ది, ఆపేవాడు లేడు. వరసగా ఆరు పెడితే ఏమవుద్దంటే ముందు మూడు ఎలా కదుల్తాయో వెనక మూడు అద్దంలో బొమ్మలాగా అలాగే కదుల్తాయి, ఒకటి తోసిన తోపుని ఇంకోటి కొట్టేసుద్ది, మిగిలే అదురు దాదాపు సున్నా. వీ ఆకారంలో ఆరు పెట్టినా, నాలుగే పెట్టినా ఇంత సహజంగా కుదరదు, వేరే ఏర్పాట్లు చెయ్యాలి. ఫ్యామిలీ బండికి ఇదెందుకంటారా? సిగ్నల్ దగ్గర మా చిన్నది నిద్రపోతుంటే ఇంజన్ ఆగిందో నడుస్తోందో నాకే తెలీదు, పైగా 48 వోల్టుల మైల్డ్ హైబ్రిడ్, అంటే ఇంజన్‌కి సాయం చేసే చిన్న మోటారు, ఉంది కాబట్టి ఆగి మళ్లీ స్టార్ట్ అయినా ఉలిక్కిపడదు. ఆ 374 గుర్రాలు నాకు ఎక్కువగా ఇచ్చింది స్పీడు కాదు, నిశ్శబ్దం.

గేర్‌బాక్స్‌కి నా దగ్గరో టెస్ట్ ఉంది, దాని పేరు పప్పుచారు టెస్ట్. పండగొస్తే మా అమ్మ కూకట్‌పల్లిలో ఉండే మా పిన్నికి స్టీలు క్యారేజీలో పప్పుచారు పంపుద్ది. మూడు గిన్నెల క్యారేజీ, కింది గిన్నెలో చారు, గొళ్లెం కాస్త వదులు. దాన్ని వెనక కాళ్ల దగ్గర పెట్టి జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఆగుతూ పాకుతూ పోవాలి. రెండు క్లచ్చుల గేర్‌బాక్స్ ఉన్న బండ్లు కొన్ని అలా పాకేటప్పుడు తడబడతాయి, కాలు తీస్తే ఓ చిన్న కుదుపు, వేస్తే ఇంకో కుదుపు. ఇందులో ఉన్నది క్లచ్చు బదులు ఆయిల్ ద్వారా పవర్ అందించే టార్క్ కన్వర్టర్ ఉండే ఎనిమిది గేర్ల పాత పద్ధతి డబ్బా, అదే మంచిదైంది. కంఫర్ట్ మోడ్‌లో పెట్టి పోతే కార్పెట్ మీద ఒక్క చుక్క పడలేదు. స్పోర్ట్ మోడ్‌లో ట్రై చేశారా అంటే, చేశా, ఆ మరక ఇప్పటికీ ఉంది, పసుపు కదా పోదు.

స్పోర్ట్ మోడ్ అంటే గుర్తొచ్చింది, నా తప్పొకటి ఒప్పుకోవాలి. కొత్తలో ఓఆర్ఆర్, అదే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, ఎక్కా, ఇంట్లో అందరూ ఉన్నారు. 158 కిలోమీటర్ల రింగు, అడ్డం వచ్చేవాళ్లు లేరు, కుడివైపు లేన్లలో ఇప్పుడు లిమిట్ కూడా 120. ఇంకేముంది, ముందొకణ్ణి దాటడం, బ్రేకు, మళ్లీ తొక్కడం. నాకు హాయిగా ఉంది. గచ్చిబౌలి దగ్గర ఎక్కి శంషాబాద్ ఎగ్జిట్ వచ్చేసరికి మా చిన్నది "నాన్నా" అంది, అంతే, పొద్దున తిన్న దోసె మొత్తం లెదర్ సీటు మీద. తర్వాత అర్థమైంది ఏంటంటే స్టీరింగ్ పట్టుకున్నవాడికి తర్వాత ఏమవుద్దో ముందే తెలుసు, మెడ రెడీగా ఉంటుంది, వెనక టాబ్లెట్ చూస్తున్న పిల్లకి తెలీదు, కంటికి కదలిక లేదు, చెవిలోపల ఉంది, ఆ రెండూ కొట్టుకుని కడుపులో తిప్పుద్ది. కారు స్పోర్టీ అయినంత మాత్రాన డ్రైవింగ్ స్పోర్టీగా ఉండాలని ఎక్కడా రాసి లేదు.

సంక్రాంతికి ఊరెళ్లడం చెప్పకపోతే ఈ టాక్ పూర్తి కాదు. మాది కృష్ణా జిల్లా. విజయవాడ హైవే మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు మీకందరికీ తెలుసు, పండగ ముందు పంతంగి దగ్గర లైను ఎలా ఉంటుందో కూడా తెలుసు. అది దాటాక మాత్రం ఈ బండి ఎందుకు కొన్నానో నాకు ప్రతిసారీ అర్థమవుద్ది. సూర్యాపేటలో టీ తాగేటప్పటికి పాత బండిలో అయితే నడుం పట్టేసేది, భుజాలు లాగేవి. ఇందులో దిగితే ఇప్పుడే ఎక్కినట్టుంటుంది. స్టీరింగ్ తిన్నగా ఉంటే తిన్నగానే పోతుంది, చిన్న చిన్న దిద్దుబాట్లు చెయ్యక్కర్లేదు, లారీని దాటాలంటే ముందూ వెనకా లెక్కలు వెయ్యక్కర్లేదు, కాలు కాస్త ఆనిస్తే చాలు. కంపెనీ చెప్పే మైలేజీ 13 చిల్లర, నాకు హైవే మీద 11, సిటీలో ఆరున్నర. నేను కొన్న కొత్తలో మామూలు పెట్రోలు 91 ఆక్టేన్, నేను మాత్రం 95దే కొట్టించేవాణ్ణి. బంకు కుర్రాడు నన్ను చూస్తే చాలు నవ్వుతాడు, 59 లీటర్ల ట్యాంకు మరి.

హైవే దిగి ఊళ్లోకి తిరిగాక కథ మళ్లీ మొదటికొస్తుంది. కాలవగట్టు రోడ్డు, సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసుంటారు. ట్రాక్టర్ ఎక్కించినా ఏమనరు గానీ ఈ బండి పొట్ట కింద గడ్డి చుట్టుకుంటే వేడి సైలెన్సర్‌కి తగిలి అంటుకుంటుందేమోనని నా భయం, అందుకని దిగి చూసుకుంటూ పోతా. రైతు ఒకాయన "ఏం బాబూ, బండి చెడిందా" అని అడిగి, చెడలేదంటే ఇంకా ఆశ్చర్యపోయాడు. టైర్లు కూడా చూసుకోవాలి, ముందువి 225, వెనకవి 255, సైజు వేరు కాబట్టి ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చి తిప్పుకోవడం కుదరదు. సైడు గోడ పల్చన, గుంతలో పడితే బుడగ లేస్తుంది, నాకు ఒకసారి లేచింది, అది గుంత తప్పూ నా తప్పూ సగం సగం. రన్‌ఫ్లాట్ టైరయితే గాలి పోయినా 80 స్పీడ్‌లో 80 కిలోమీటర్ల దాకా పోవచ్చు గానీ సైడు చిరిగితే పల్లెటూళ్లో పంక్చర్ షాపువాడు కూడా చేతులెత్తేస్తాడు. ఈ తరగతి బండ్లలో చాలావాటికి స్పేర్ టైరు పెట్టడానికి అడుగున గుంత ఉండదు, డిక్కీలోనే పెడతారు, ఇంక బియ్యం బస్తా, అరిసెల డబ్బా, సూట్‌కేసులు ఎక్కడ పెడతారో అది మీ టాలెంటు.

మరి మళ్లీ కొంటావా అని అడుగుతారు కదా. మా ఇంట్లో ఇంకో బండి ఎత్తుగా ఉండేది లేకపోతే కొనను. అమ్మ కోసం మా ఆవిడ బండి ఉంది, కాబట్టి ఇది ఉంది. ఉన్నది ఒక్కటే బండి అయితే, ఇంట్లో పెద్దవాళ్లుంటే, వెనక కూర్చునేవాళ్లే ఎక్కువైతే ఆ పొడుగు త్రీ సిరీస్ చూడండి, లేదా ఇంకాస్త ఎత్తుగా ఉండేది ఏదైనా చూడండి. రోజూ మీరే నడిపి, వారానికోసారి హైవే ఎక్కేవాళ్లయితే అప్పుడు మాట్లాడుకుందాం. షోరూమ్‌కి మాత్రం ఒక్కళ్లే వెళ్లకండి, ఇంట్లో అందర్నీ, ముఖ్యంగా మోకాళ్ల నొప్పులున్నవాళ్లని తీసుకెళ్లి, వాళ్లు చూపించే నున్నటి రోడ్డు మీద కాకుండా మీ వీధి బ్రేకర్ మీద ఎక్కించి చూపించమనండి, ఒప్పుకోకపోతే అక్కడే మీకు సగం సమాధానం దొరికినట్టు.

బండి కింద సెల్లార్‌లో బీ బ్లాకు లిఫ్ట్ పక్కనే ఉంది. నడిపి చూస్తామంటే తాళం ఇస్తా, కాకపోతే ముందు ఓ రౌండు వెనక కూర్చోవాలి. ముగ్గురు ముగ్గురు రండి, అందర్లో పొడుగ్గా ఉన్నాయన మధ్యలో.